గ్రీకు జానపదం వినాలంటే బుజూకీని కాసేపు పక్కన పెట్టండి

గ్రీకు పాట అనగానే గుర్తొచ్చే ఆ పొడుగు మెడ తీగల వాయిద్యం, బుజూకీ, ఇంకా కొనలేదు కదా? కొనకపోతే ఆగండి. కొనేసి ఉంటే నష్టమేం లేదు, మంచి వాయిద్యమే, కానీ మీరు అడిగిన సంగీతానికి మాత్రం అది దారి కాదు.

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇదీ. చిన్నప్పుడు ఏడెనిమిదేళ్లు కర్ణాటక వయొలిన్ నేర్చుకున్నారు. ఈమధ్య ఎక్కడో జోర్బా డాన్స్ విని గ్రీకు జానపదం మీద మనసు పడింది. వెతకడం మొదలుపెడితే దిమోతికా, నిసియోతికా, కలమతియానో, హిజాజ్, లావూతో అని నోరు తిరగని మాటలు ఎదురయ్యాయి, ఏది పాటో ఏది వాయిద్యమో ఏది తాళమో తెలియక టెన్షన్ పడుతున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి, ఏం కొనాలి అన్నది ప్రశ్న.

నా సంగతి రెండు ముక్కల్లో: మాది విశాఖపట్నం, ఓడల్లో ఇంజినీరుగా ఇరవయ్యేళ్లకు పైగా చేశాను, చాలావరకు గ్రీకు ఓనర్ల ఓడలే. ఓడ రిపేరుకి డ్రైడాక్ ఎక్కినప్పుడల్లా ఏథెన్స్ రేవు పిరేయస్ పక్కన పెరామాలోనో, సీరోస్ దీవిలోనో వారాలూ నెలలూ పడి ఉండేవాళ్లం, సాయంత్రమైతే వేరే పని లేదు. అలా లావూతో అనే తీగల వాయిద్యం చేతికొచ్చింది, ఇంకా వదల్లేదు. కచేరీలు చేసేంతవాణ్ణి కాదు గానీ ఊరి పండగల్లో పక్కన కూర్చుని నాలుగు పాటలు లాగించగలను.

ముందు ఆ జోర్బా ముడి విప్పేద్దాం. మెల్లగా మొదలై పరుగందుకునే ఆ డాన్సు పేరు సిర్తాకి. అది ఏ ఊళ్లోనూ పుట్టలేదు, 1964లో వచ్చిన 'జోర్బా ద గ్రీక్' సినిమా కోసం పుట్టింది, బాణీ మికిస్ థియోడొరాకిస్‌ది. దాని వెనక అసలైన పాత నాట్యం ఒకటుంది, హసాపికో. కాన్‌స్టాంటినోపుల్ మాంసం కొట్టువాళ్ల సంఘంతో ముడిపడిన నాట్యం అంటారు (హసాపిస్ అంటే మాంసం కొట్టేవాడు, మన కసాయికి దూరపు చుట్టం ఆ మాట). నెమ్మది హసాపికోనీ, దాని వేగం రూపమైన హసాపోసెర్వికోనీ అతికించి చేసిందే సిర్తాకి. టూరిస్టు హోటళ్లలో రోజూ రాత్రి ఎనిమిదింటికి ఇదే. మా ఓడలో సెకండ్ ఇంజినీరు ఎపిరస్ కొండల మనిషి, ఆయన ముందు ఎవరైనా దీన్ని జానపదం అంటే ప్లేటు పక్కకు తోసి లేచిపోయేవాడు.

ఇక పేర్లు. దిమోతికా అంటే జనం పాటలు, పల్లె పాటలన్నిటికీ కలిపి పేరు. అందులో దీవుల పాటల్ని విడదీసి నిసియోతికా అంటారు, నిసి అంటే దీవి. పారదోసియాకా అని కనబడితే 'సంప్రదాయంగా వస్తున్నది' అని అర్థం, ఇదీ అదీ అన్నీ ఆ సంచిలో వేస్తారు. రెబేతికా వేరే కథ. అది పట్నం పాట, ఓడరేవుల పాట, బుజూకీ అక్కడిది. దాని తర్వాత వచ్చిన జనాదరణ పాటలు లాయికా. అంటే మీరు బుజూకీ కొని దిమోతికా వాయించబోవడం, హార్మోనియం పెట్టె కొని బుర్రకథ చెప్పబోవడం లాంటిదన్నమాట. చెప్పకూడదని కాదు, వినేవాళ్లు మొహమొహాలు చూసుకుంటారు.

ఇప్పుడు అసలు సంగతికొస్తాను. ఈ సంగీతం అర్థం కావాలంటే చెవి కంటే ముందు కాలు కదలాలి. మీకు కనబడే వింత పేర్లలో సగం రాగాల పేర్లూ కావు, పాటల పేర్లూ కావు, నాట్యాల పేర్లు. సిర్తో, కలమతియానో, త్సామికో, బాలో, సూస్తా, కర్సిలమా అన్నీ అంతే. ఆల్బమ్ మీద పాట పేరు పక్కన వాటిని వేశారంటే, ఈ పాటకు ఏ అడుగు వేయాలో చెబుతున్నారు. తాళం ఏమిటో ఆ అడుగులోనే ఉంది.

కలమతియానో ఏడు మాత్రలు. మీరు 'ఎక్కడో ఒక దెబ్బ తక్కువైనట్టుంది' అని రాశారే, అదే ఇది. పదిహేనేళ్ల కిందట ఆ సెకండ్ ఇంజినీరు నన్ను ఆగస్టు 15 పండగకి జగోరీ ప్రాంతంలో వాళ్ల ఊరికి తీసుకెళ్లాడు. ఆ రోజు మరియమ్మ తల్లి పండగ, దేశంలో సగం ఊళ్లలో రాత్రంతా ఆటే. నేను బుద్ధిమంతుడిలా బల్ల దగ్గర కూర్చుని వేళ్ల మీద ఏడు లెక్కపెడుతున్నాను. పక్కన నల్లబట్టల ముసలమ్మ ఒకావిడ కాసేపు చూసి, నా వేళ్లు పట్టుకుని మూసేసి, లాక్కెళ్లి గుండ్రంలో నిలబెట్టింది. ఆవిడ చెప్పింది ఒక్కటే: పొడుగు, పొట్టి, పొట్టి. పొడుగు, పొట్టి, పొట్టి. పది నిమిషాల్లో కాలికి పట్టుకుంది.

పొడుగంటే మూడు, పొట్టంటే రెండు. మూడు, రెండు, రెండు. మీకు ఇక్కడ వెలగాలి: తిస్రజాతి త్రిపుట! లఘువు మూడు, రెండు ద్రుతాలు. ఇంకా బావున్న సంగతి చెబుతాను. సిర్తో అనే నాట్యానికీ కలమతియానోకీ అడుగులు ఒకటే, పన్నెండు అడుగులు, అదే పొడుగు-పొట్టి-పొట్టి. సిర్తోలో ఆ పొడుగు నాలుగు మాత్రలు, అంతే తేడా. నాలుగు, రెండు, రెండు. అంటే మన ఆదితాళం, చతురస్రజాతి త్రిపుట. అలంకారాలు వాయించేటప్పుడు ఆదిలోంచి తిస్ర త్రిపుటకు మారినప్పుడు లఘువులో ఒక మాత్ర జారిపోతుంది చూడండి, సరిగ్గా అదే గుండ్రంలో వాళ్ల కాళ్ల కింద జరుగుతుంది. వాళ్లకూ మనకూ చుట్టరికం ఉందని నేను అనడం లేదు, కానీ మీరు చిన్నప్పుడు వేళ్లు కందేలా వేసిన ఆ లెక్క ఇక్కడ ఊరికే పనికొస్తుంది.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. త్సామికో మూడు మాత్రలు, బరువైన నడక, ముందున్నవాడు రుమాలు పట్టుకుని గాల్లోకి లేస్తాడు. బాలో, సూస్తా దీవులవి, రెండు మాత్రల చురుకు నడకలు. కర్సిలమా ఎదురెదురుగా ఆడేది, తొమ్మిది: రెండు, రెండు, రెండు, మూడు. జెయ్‌బేకికో కూడా తొమ్మిదే కానీ బాగా నెమ్మది, ఒక్కడే ఆడతాడు, అతను ఆడుతుంటే ఇంకొకరు మధ్యలోకి వెళ్లకూడదు (వెళ్లి గొడవలు పడినవాళ్లున్నారు). ఈశాన్య మూల త్రేస్ వైపు వెళ్తే ఐదు మాత్రల బైదూస్కా ఉంది. ఎపిరస్‌లో నెమ్మదైన ఐదు ఒకటి, జగోరీసియో, కొండ ఎక్కుతున్నట్టుంటుంది. గుండ్రం మామూలుగా కుడివైపుకి కదులుతుంది. ముందు నిలబడ్డవాడే ఆ పాటకు రాజు, పాట అడిగేది అతనే, వాయిద్యగాళ్ల ముందు నోట్లు వేసేదీ అతనూ అతని బంధువులే. ఆ డబ్బుకి ఖార్తూరా అని పేరు. క్లారినెట్ వాయించేవాడి నుదుటికి నోటు అంటించడం నేను చూశాను, ఆయన కన్ను కూడా ఆర్పకుండా వాయిస్తూనే ఉన్నాడు.

వాయిద్యాల దగ్గర ఒక పొరపాటు అందరూ చేస్తారు, ఒక్కొక్క దాన్నీ విడిగా నేర్చుకోవాలని చూస్తారు. అక్కడ వాయిద్యాలు జంటలుగా బతుకుతాయి. జంటకు జియా అని పేరు, కాడెడ్ల జతకు వాడే మాట లాంటిది. జుర్నా-దావూలి ఒక జియా, లీరా (కమానుతో వాయించేది)-లావూతో ఒక జియా, త్సాంబూనా (తోలుతిత్తి బాజా)-తుంబాకి (చిన్న డోలు) ఒక జియా. ఒకటి పాట మోస్తుంది, రెండోది అడుగు మోస్తుంది. నలుగురు చేరితే కొంబానియా: క్లారినెట్, వయొలిన్, లావూతో, దేఫి అనే కంజిర లాంటి వాయిద్యం. కొన్నిచోట్ల సందూరి అనే తీగల పెట్టె కూడా. ఏ ప్రాంతానికి ఏ జంటో తెలిస్తే పాట మొదలైన పది సెకన్లలో అది ఎక్కడిదో చెప్పేయొచ్చు, ఓడలో మేం ఇదే పందెం వేసుకునేవాళ్లం.

జుర్నా-దావూలి మీకు వింతగా అనిపించదు, మన సన్నాయి-డోలు మేళమే అనుకోండి. రెండు పీకల నోటితో ఊదే గొట్టం, ఆరుబయట అరకిలోమీటరు వినబడే గొంతు, ఊపిరి తెగకుండా ఊదే పద్ధతి. సన్నాయిలోని నాయీ జుర్నా అనే మాట వెనకున్న పారశీక సుర్నాయ్‌లోని నాయీ ఒకటే. ఉత్తర గ్రీసులో మాసిడోనియా వైపు జుర్నాలు ఇద్దరు ఊదుతారు, ఒకడు పాట, ఇంకొకడు అంతసేపూ ఒకే స్వరం పట్టి ఉంచుతాడు, మన మేళంలో శ్రుతి పట్టేవాడిలాగే. దావూలి భుజానికి వేలాడే పెద్ద డోలు, కుడిచేత్తో లావు కర్ర, ఎడమచేత్తో సన్నటి బెత్తం. అక్కడి సెరెస్ జిల్లాలో వీటిని తరతరాలుగా వాయించేవాళ్లు రోమా కుటుంబాలవాళ్లు, అంటే మామూలుగా జిప్సీలనే జనం. ఆ మాట చాలామంది గ్రీకులు గట్టిగా చెప్పరు గానీ, దిమోతికా పెద్ద వాయిద్యగాళ్లలోంచి రోమాలను తీసేస్తే పెళ్లిళ్లలో వాయించేవాళ్లు సగం ఖాళీ అయిపోతారు.

తోలుతిత్తి బాజాలు రెండు రకాలు, కలిపేయకండి. ఉత్తరాన గైదా, దానికి పాట గొట్టం ఒకటి, శ్రుతి గొట్టం విడిగా పొడుగ్గా ఒకటి. దీవుల్లో త్సాంబూనా, దీనికి శ్రుతి గొట్టం ఉండదు, రెండు పాట గొట్టాలు పక్కపక్కన కట్టి ఉంటాయి. రెండూ మేకతోలే. క్రీట్‌లో త్సాంబూనా లాంటిదాన్నే అస్కొమందూరా అంటారు.

లావూతో గురించి నన్ను కదిపితే ఆపడం కష్టం, కాబట్టి కొద్దిగానే. పెద్ద బొజ్జ, పొడుగు మెడ, నాలుగు జతల తీగలు. బొజ్జ చూసి ఊతితో (అరబ్బుల ఊద్) పొరపడతారు, ఊతికి మెడ పొట్టి, మెట్లు ఉండవు. లావూతోకి మెట్లుంటాయి, కానీ అవి మెడ చుట్టూ కట్టిన దారాలు, జరపొచ్చు. ఈ జరపడం చిన్న విషయం కాదు, కింద రాగాల దగ్గర మళ్లీ చెబుతాను. శ్రుతి ప్రధాన భూభాగపు లావూతోకి దో సోల్ రె లా, క్రీట్‌లో లావూతో పెద్దది, సోల్ రె లా మి. (వాళ్ల రె అంటే మన రి కాదు, ఒక స్థిరమైన స్వరం. ఈ ఒక్కటీ మొదట్లో నన్ను నెలరోజులు తికమక పెట్టింది.)

క్లారినెట్ ఊరి వాయిద్యం ఎలా అయిందా అని మీకు సందేహం వచ్చే ఉంటుంది. అది 19వ శతాబ్దంలో వచ్చిన కొత్త చుట్టం, అంతకుముందు ఆ చోటు జుర్నాది, పిల్లనగ్రోవిది, అంటే ఫ్లోయెరాది. మన వయొలిన్ కథే. యూరప్ నుంచి వచ్చింది, వచ్చాక ఇంటి గొంతు నేర్చుకుంది. వాళ్లు ఇప్పటికీ చాలామంది పాత పద్ధతి ఆల్బర్ట్ అమరిక క్లారినెట్లే వాడతారు, కీలు తక్కువ, రంధ్రాల మీద వేలు జార్చి స్వరాన్ని సాగదీయొచ్చు. మీకు వీళ్ల జారుడు వింటే గమకమే అనిపిస్తుంది.

ఎపిరస్ అంటే వాయవ్య మూల, అల్బేనియా సరిహద్దు, కొండలు. నన్నడిగితే మీరు మొదట ఇక్కడే కూర్చోవాలి. ఆ రాత్రి జగోరీ ఊళ్లో చినారు చెట్టు కింద పండగ మొదలైంది ఆటపాటతో కాదు, ఏడుపుతో. నిజంగానే. మిరొలోయి అంటారు, చచ్చిపోయినవాళ్ల మీద ఆడవాళ్లు పాడే శోకాల పేరది. ఇక్కడ క్లారినెట్ మాటల్లేకుండా దాన్ని వాయిస్తుంది, వయొలిన్ కింద నుంచి ఒకే స్వరం సాగదీస్తూ ఉంటుంది, తాళం లేదు, ఎవరూ ఆడరు, ఎవరూ తినరు. పండగకు రాలేకపోయినవాళ్లని, ఇక రాలేనివాళ్లని ముందు తలుచుకున్నాకే ఆట. తర్వాత తెల్లవారుజామున స్కారోస్ అని ఇంకొకటి విన్నాను, గొర్రెల్ని రాత్రిపూట మేపే కాపరి బాణీ అది. క్లారినెట్ పై నుంచి కిందికి జారి, ఆగి, మళ్లీ జారుతుంది. స్వరాలు ఐదే. మీ చెవికి శుద్ధ ధన్యాసి మెట్లు వినబడతాయి, స గ మ ప ని. అయితే శుద్ధ ధన్యాసిలా పాడరు, బరువంతా కిందికి జారడంలో ఉంటుంది. తాసోస్ హల్కియాస్, పెత్రోలూకాస్ హల్కియాస్, అంతకుముందు తరం కిత్సోస్ హరిసియాదిస్, ఈ ముగ్గురి క్లారినెట్ చాలు మీకు ఆరు నెలలకి.

అదే ప్రాంతంలో పోగోనీ వైపు వాయిద్యాలే లేకుండా గుంపుగా పాడతారు. అందరూ ఒకే పాట పాడరు, ఎవరి పని వాళ్లకుంది. పాట ఎత్తుకునేవాడు పార్తిస్. దాన్ని మలుపు తిప్పేవాడు యిరిస్తిస్. పైస్వరానికీ కిందిస్వరానికీ మధ్య గొంతు తిప్పేవాడు క్లోస్తిస్, అంటే నూలు వడికేవాడు, కదురు తిరుగుతున్నట్టే ఉంటుంది ఆ గొంతు. మిగతావాళ్లంతా ఇసో, అంటే శ్రుతి పట్టుకుంటారు. ఇసో అనే మాట చర్చి సంగీతం నుంచి వచ్చింది, దాని గురించీ చెప్పాలి. ఈ గుంపు పాట కాపాడే పనిని 2020లో యునెస్కో గుర్తించింది.

క్రీట్‌లో లోకమే వేరు. లీరా రాజు. మూడు తీగలు, బేరిపండు ఆకారం, తొడ మీద నిలబెట్టి వాయిస్తారు. వయొలిన్ మీద మీరు వేలి కొసతో తీగ నొక్కుతారు, ఇక్కడ గోరు పక్క నుంచి తీగకు ఆనిస్తారు, పైనుంచి నొక్కరు. మొదటి వారం గోళ్లు ఏడుస్తాయి. పూర్వం కమానుకి చిన్న గజ్జెలు కట్టేవాళ్లు, కమాను లాగినప్పుడల్లా అవే తాళం వేసేవి. లావూతో జతకలిశాక గజ్జెల పని పోయింది. పడమటి కొస కిస్సామోస్ వైపు మాత్రం వయొలినే గొప్ప, అక్కడికెళ్లి లీరా గొప్పదనకండి. 1950ల్లో రేడియోలో క్రీట్ పాటలకు వయొలిన్ వద్దన్నారన్న కోపం అక్కడి పెద్దవాళ్లలో ఇంకా ఆరలేదు.

క్రీట్ పాటలో బాణీ ఒకెత్తు, మాట ఒకెత్తు. మందినాదా అంటే రెండు పాదాల పద్యం, ఒక్కొక్క పాదం పదిహేను అక్షరాలు, చివర ప్రాస. అప్పటికప్పుడు కట్టి ఒకరి మీద ఒకరు విసురుకుంటారు, పెళ్లిలో, కాఫీ కొట్లో, ఇప్పుడు ఫోన్లో కూడా. ఈ పదిహేనక్షరాల పాదం క్రీట్ ఒక్కదానిదే కాదు, గ్రీకు జనపద సాహిత్యానికంతటికీ వెన్నెముక. ఎనిమిది దగ్గర విరుపు, తర్వాత ఏడు. వేరే ప్రాంతాల్లో ప్రాస ఉండనక్కర్లేదు. పాడేటప్పుడు సగం పాదం పాడి ఆపేసి, మాటని మధ్యలో విరిచి, 'అమాన్' అనో 'మోరే' అనో ఇంకో ముక్క దూర్చి, మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంటారు. ఆ దూర్చే ముక్కలకు త్సాకిస్మా అని పేరు. పాట రాసిన కాగితం దగ్గర పెట్టుకుని వింటే ఎక్కడున్నారో తెలియకపోవడానికి కారణం ఇదే, మీ తప్పు కాదు. తెల్లకొండల కింద ఊళ్లలో రిజీతికా ఉన్నాయి, బల్ల చుట్టూ కూర్చున్న మగవాళ్లు రెండు జట్లుగా పాడేవి, ఒక్క వాయిద్యం లేదు. నికోస్ క్సిలూరిస్ (1936-1980) గొంతులో ఒక రిజీతికో వినండి. ఆయనది అనోయియా, కొండ మీది ఊరు, లీరా వాయించేవాళ్ల గని.

పొంతోస్ గ్రీకులు నల్లసముద్రం ఒడ్డు నుంచి వచ్చినవాళ్లు. వాళ్ల లీరాకి కెమెంజె అని పేరు, సన్నటి సీసాలా ఉంటుంది, రెండు తీగల మీద ఒకేసారి వేలు పెట్టి వాయిస్తారు కాబట్టి స్వరాలు జంటగా వస్తాయి, షడ్జమ మధ్యమాల దూరంలో. ఐదు, ఏడు, తొమ్మిది మాత్రలు ఊపిరాడని వేగంలో. వీళ్లను చివర్లో వినండి, మొదటే వింటే పారిపోతారు.

వీళ్లు ఎందుకొచ్చారు? ఈ ఒక్క చరిత్ర తెలియకుండా గ్రీకు సంగీతం తెలియదు. 1922లో చిన్న ఆసియాలో, అంటే ఇప్పటి టర్కీలో, గ్రీకు సైన్యం ఓడింది, అక్కడి స్మిర్నా (ఇప్పటి ఇజ్మీర్) నగరం కాలిపోయింది, 1923లో రెండు దేశాలూ జనాన్ని మార్చుకున్నాయి. టర్కీలోని క్రైస్తవులు ఇటు, గ్రీసులోని ముస్లింలు అటు. మతమే లెక్క, భాష కాదు, వచ్చినవాళ్లలో గ్రీకు రానివాళ్లు కూడా ఉన్నారు. పన్నెండు లక్షల దాకా వచ్చి పడ్డారు. వాళ్లతో పాటు స్మిర్నా కేఫుల పాట వచ్చింది, ఊతి, కానోనాకి (ఒళ్లో పెట్టుకుని మీటే తీగల పెట్టె) వచ్చాయి, సందూరి ఊరూరా పాకింది. సందూరి మన కాశ్మీరీ సంతూర్ చుట్టమే, కర్రలతో కొట్టే తీగల పెట్టె. లెస్వోస్ దీవిలో అయాసోస్ ఊరు దీనికి పేరు మోసింది.

ఆ శరణార్థుల పేటల్లో, పిరేయస్ రేవులో, రెబేతికా పెరిగింది. సీరోస్‌లో పుట్టిన మార్కోస్ వంవకారిస్ (1905-1972) పిరేయస్‌లో బొగ్గు మోసి, కబేళాలో పనిచేసి, బుజూకీ పట్టాడు. నేను సీరోస్‌లో డ్రైడాక్ మెట్లెక్కి పైకి వెళ్లి ఆయన పుట్టిన పేట చూశాను, మెట్లే మెట్లు. 1936లో మెటాక్సాస్ నియంతృత్వం వచ్చి పాటలకు సెన్సార్ పెట్టింది, స్మిర్నా పద్ధతిలో 'అమాన్' అని సాగదీస్తూ పాడే అమనే పాటలు టర్కీ వాసన అని వెంటపడింది. ఆ బుజూకీకి అప్పుడు మూడు జతల తీగలు, రె లా రె. 1950ల్లో మనోలిస్ హియోతిస్ నాలుగో జత పెట్టి దో ఫా లా రె చేశాడు, గిటారులాగా వేగం వచ్చింది. పాత రుచి మూడు జతలదే అని పిడివాదం చేసేవాళ్లున్నారు, నేనూ ఆ గుంపే. 2017లో రెబేతికో యునెస్కో జాబితాకెక్కింది, ఒకప్పుడు పోలీసులు వెంటాడిన పాట.

మిగిలింది హిజాజ్. బుజూకీవాళ్లు రాగాన్ని ద్రోమోస్ అంటారు, అంటే దారి. పేర్లు తుర్కీ-అరబ్బీ మకాముల నుంచి వచ్చినవి. మీకు మెట్ల లెక్కలో చెప్పేస్తాను: రాస్త్ శంకరాభరణానికి దగ్గర. ఊసాక్ చాలాసార్లు తోడి మెట్లు. హిజాజ్ వకుళాభరణం, హిజాజ్‌కియార్ మాయామాళవగౌళ, నియావెంద్ సింహేంద్రమధ్యమం, పిరేయోతికో కామవర్ధిని. ఇది ఇంటి నంబరు మాత్రమే, లోపల కాపురం వేరు. మాయామాళవగౌళ సరళీస్వరాలు వాయించినంత మాత్రాన హిజాజ్‌కియార్ రాదు. ద్రోమోస్‌ని తాళం లేకుండా విప్పి చూపించే ముందుమాట తక్సీమి. ఆలాపన అనుకోండి, కానీ పొట్టిది.

ఇక్కడే ఆ మెట్ల సంగతి. బుజూకీకి మెట్లు ఇనుపవి, పియానోలాగా పన్నెండు సమాన ముక్కలు. దారాల మెట్లున్న లావూతో, మెట్లే లేని వయొలిన్, లీరా, ఊతి ఆ ముక్కల మధ్యకి వెళ్తాయి. చర్చి సంగీతం ఇంకా సన్నగా కోస్తుంది, 1881లో అక్కడి కమిటీ ఒకటి స్థాయిని 72 భాగాలుగా లెక్కగట్టింది. ఆ చర్చి పాటకు ఎనిమిది 'ఈహీ'లు, అంటే ఎనిమిది బాణీ కుటుంబాలు. ఊళ్లో పెళ్లిపాట పాడేవాడూ ఆదివారం గుళ్లో పాడేవాడూ చాలాచోట్ల ఒకడే కాబట్టి రెండూ ఒకదాన్నొకటి తాకుతూనే ఉంటాయి. వాళ్ల సరిగమ పా వూ గా ది కే జో నీ. ఇందులో ఒక ముచ్చట దాగి ఉంది: గ్రీకు అక్షరమాల మొదటి ఏడు అక్షరాలు ఆల్ఫా, వీతా, గామా, దెల్తా, ఎప్సిలోన్, జీతా, ఈతా తీసుకుని ఒక్కొక్కదానికి హల్లో అచ్చో చేర్చి పేర్లు చేశారు. 1814 ప్రాంతంలో ముగ్గురు పంతుళ్లు చేసిన సంస్కరణ అది.

సరే, ఏం చేయాలి. ముందు నెలరోజులు కలమతియానో, సిర్తో మార్చి మార్చి పెట్టుకుని హాల్లో కుర్చీలు జరిపి నడవండి, ఇంట్లోవాళ్లు నవ్వినా సరే. తర్వాత ఎపిరస్, తర్వాత నాక్సోస్ దీవి వయొలిన్, కొనితోపులోస్ కుటుంబానిది, అప్పుడు క్రీట్. ఊరూరా తిరిగి పాటలు సేకరించిన దొమ్నా సామియూ (1928-2012) సేకరణ ఇంటర్నెట్‌లో ఉంది, పాట మాటలూ ప్రాంతమూ నాట్యమూ రాసి పెట్టారు, అంతకంటే మంచి బడి లేదు. ఎప్పుడైనా ఏథెన్స్ వెళ్తే ప్లాకాలో జానపద వాయిద్యాల మ్యూజియం ఉంది, ఫీవోస్ అనోయియానాకిస్ పోగుచేసిన పన్నెండు వందల దాకా వాయిద్యాలు, హెడ్‌ఫోన్లు చెవికి పెట్టుకుని ఒక్కొక్కటీ వినొచ్చు. నేను గంటలో వచ్చేస్తానని చెప్పి వెళ్లి ఓడ షిఫ్టుకి లేటయ్యాను.

కొనడం అంటారా, ఏమీ కొనకండి. మీ వయొలినే చాలు, అక్కడ అది ఇంటి వాయిద్యం. మామూలు పాశ్చాత్య శ్రుతి సోల్ రె లా మి పెట్టి, పై తీగ మి ని రె కి దించండి, పాత వాయిద్యగాళ్లు చాలామంది అలా కడతారు, అలా తుర్కా అంటారు ఆ కట్టుని. రె ని షడ్జం అనుకుంటే మీకు మ-స-ప-స వస్తుంది, కింద తీగ ఊరికే మోగిస్తూ పైన పాట వాయించుకోవచ్చు. కుర్చీలో కూర్చుని, వయొలిన్ మీకు అలవాటైనట్టు ఎలా పట్టుకున్నా ఎవరూ ఏమీ అనరు. పై తీగ దించాక రెండు రోజులు శ్రుతి నిలవదు, బిరడా తిప్పి తిప్పి తెంపుకోకండి.